ఎద్దు పుండుకు ఎర్ర వెలుగు

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడ. అమ్మ పుండు అంటే నాన్న హుణ్ణు అంటారు. పాలు–హాలు, పులి–హులి లాగే ఇదీ ఒక్క మాటే, మొదటి అక్షరం మారిందంతే. ఈ మధ్య ఈ మాట మా ఇంట్లో తరచుగా వినిపిస్తోంది. మా పెద్దమ్మ వాళ్ళ ఎద్దుకి కాడి రాపిడితో మెడ మీద పుండు పడింది. ఎర్ర లైటు పెడితే మానుతుందని ఎవరో చెప్పారట. పెట్టించాలా, వద్దా? అది తేల్చుకోవడానికి చదివిన విషయాలే ఇవి. ఏటా ఘాటి సుబ్రహ్మణ్యలో పశువుల జాతర జరిగే తాలూకా మనది. కాబట్టి అందరికీ పనికొస్తాయనుకుంటున్నాను.

ఎప్పుడు మొదలైంది?

చర్మక్షయకు వెలుగుతో వైద్యం చేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో లేజర్ పుట్టింది. 1967 ప్రాంతంలో హంగేరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ బుడాపెస్ట్‌లో ఎలుకల వీపు గొరిగి, తక్కువ శక్తి గల ఎర్ర లేజర్ వేసి చూశారు. వెలుగు పడ్డ ఎలుకలకు వెంట్రుకలు త్వరగా పెరిగాయి. ఆ తర్వాత ఆయన గాయాల మీద కూడా పరిశోధన చేశారు.

ఎలా పనిచేస్తుంది?

ఇది కోసే లేజర్ కాదు, కాల్చదు. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఉంటాయి. వాటిలోని ఒక ఎంజైము ఎర్ర వెలుగును పీల్చుకుని, కణానికి మరింత శక్తి అందేలా చేస్తుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల వివరణ. అయితే మోతాదు ముఖ్యం. తక్కువైతే ఫలితం ఉండదు, మరీ ఎక్కువైతే మేలు తగ్గిపోతుంది. మందులాగే అన్నమాట.

ఎలుకకు మానితే ఎద్దుకూ మానుతుందా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది. దాని కింద ఉండే పల్చని కండరం గాయం అంచులను దగ్గరకు లాగేస్తుంది, అందుకే త్వరగా పూడుతుంది. ఎద్దు మెడ తోలు దళసరి. పైగా బొచ్చు, నల్లని చర్మం వెలుగును పైనే పీల్చేస్తాయి. కుక్కల మీద చేసిన పరిశోధనల్లో కూడా కొన్నిటిలో మేలు కనిపించింది, కొన్నిటిలో తేడా ఏమీ కనిపించలేదు. అందుకని ఇది తోడు వైద్యమే, అసలు వైద్యం కాదు.

మరి ఏం చేయాలి?

ఎద్దు పుండు కాకికి ముద్దు అని సామెత. కాకులు పొడుస్తాయి, ఈగలు వాలి పురుగులు పడతాయి. కాబట్టి ముందు పుండును శుభ్రం చేయించి కాపాడాలి. మానేదాకా కాడి కట్టకూడదు. రోజూ అదే చోట ఒరుసుకుంటుంటే ఏ వెలుగూ మాన్పలేదు. 1962కి ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.

డాక్టరు గారు లైటు వైద్యం చెబితే మూడు ప్రశ్నలు అడగండి: ఎంత మోతాదు? ఎన్ని రోజులు? కళ్ళకు రక్షణ ఏమిటి? అక్కడ గడ్డ ఏదైనా ఉంటే అది క్యాన్సర్ కాదని తేలేదాకా ఆ వెలుగు వేయించవద్దు. బజార్లో దొరికే మామూలు ఎర్ర బల్బు కొని మాత్రం డబ్బు పోగొట్టుకోకండి. అది వెలుగు రంగునే ఇస్తుంది, మోతాదు ఇవ్వదు.