జొన్న రొట్టె రవ్వతో కరకరలాడు కోడిమాంసము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో జొన్న రొట్టె తెలియని ఇల్లు లేదు. అయినను 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చిన తరువాత అన్నము వాడుక పెరిగి, రొట్టె తట్టు అలవాటు చాల ఇండ్లలో తగ్గినది. పెద్దలు తిందురు, పిల్లలు పక్కకు నెట్టుదురు. మిగిలినది కుడితి తొట్టిలోనికి పోవును.

ఆ మిగిలిన రొట్టె పిల్లలు అడిగి తిను వంటకు పనికివచ్చును. విదేశములలో మొక్కజొన్న అటుకులు నలిపి కోడిముక్కలకు అద్ది, నూనెలో వేయింపక ఓవెనులో కాల్చుదురు. మనము అటుకులు కొననక్కరలేదు.

రెండు మూడు జొన్న రొట్టెలను సన్నని సెగపై పెనము మీద విరిస్తే టప్పున విరుగునట్లు ఎండబెట్టి, రోటిలో రవ్వగా దంచవలెను. పిండి కారాదు, పిండియైనచో తడి పీల్చి ముద్దయగును. రవ్వకు రెండు చెంచాల వేరుసెనగ నూనె పట్టించవలెను. నూనె తగలని రవ్వ ఎర్రబడదు, తెల్లగా పొడిపొడిగా నుండును.

చర్మము తీసిన లేత కోడిముక్కలు ఒక కిలో తీసికొని, దళసరి ముక్కలకు ఎముక వరకు గాట్లు పెట్టుడు. గిన్నెడు గట్టి పెరుగు, ఉప్పు, కారము, పసుపు, అల్లము వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచిన చాలును. అంతకు మించి ఉంచదలచినచో ఫ్రిజ్జులోనే ఉంచవలెను; మన వేసవిలో బయట ఉంచుట ప్రమాదము. తరువాత పెరుగు జారవిడిచి, ముక్కలను రవ్వలో అదిమి దొర్లించవలెను.

ఓవెను ఉన్నవారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో సుమారు 40 నిమిషములు కాల్చవచ్చును. లేనివారు మందపాటి ఇనుప పాత్రలో అంగుళము మేర పొడి ఇసుక పోసి, ఇనుప కుదురు నిలిపి, మూతవేసి పావుగంట కాచవలెను. ముక్కలను ఒక వరుసగా పళ్లెములో పేర్చి కుదురుపై ఉంచి, మధ్యస్థమైన మంటపై సుమారు గంటసేపు ఉంచుడు. సగములో ఒకసారి త్రిప్పవలెను. చివరి పది నిమిషములు మూత ఓరగా తీసినచో ఆవిరి పోయి పైపొర కరకరలాడును.

నేను మొదటిసారి చేసినపుడు తొందరపడి మంట పెంచితిని. పైన మాడినది, ఎముకవద్ద పచ్చిగానే యున్నది! రంగు చూచి దింపరాదని అప్పుడు తెలిసినది. పచ్చి కోడిమాంసములో సాల్మొనెల్లా వంటి క్రిములుండవచ్చును. వాంతులు, విరేచనములు పసిపిల్లలకు, వృద్ధులకు ప్రాణాపాయము కాగలవు. దళసరి ముక్కను ఎముకదాక కోసి చూడుడు. గులాబిరంగు గాని, ఎర్రని నీరు గాని కనిపించినచో మరల కాల్చవలెను. వేడికొలత గలవారు ఎముకకు తగులకుండ గ్రుచ్చినచో 74 డిగ్రీలు చూపవలెను. పచ్చిమాంసము తగిలిన కత్తిని, పళ్లెమును సబ్బుతో కడుగక ఉల్లిపాయలు కోయుటకు వాడరాదు. మిగిలిన రవ్వ పారవేయవలసినదే. దాచవద్దు, కోళ్లకును వేయవద్దు.

ముదురు నాటుకోడి ఈ పద్ధతికి లొంగదు. దానిని ముందు ఉప్పునీటిలో మెత్తగా ఉడికించి, తడి ఆరనిచ్చి, పెరుగు పలుచగా పూసి రవ్వ అద్ది, పైపొర ఎర్రబడువరకు కాల్చిన చాలును. ఉడికిన నీరు పారబోయకుడు. మిరియాలు వేసి కాచినచో మంచి చారు అగును.