మిగులు ఎంత, తిరుగుడు ఎంత

తిరుపతి



నాయనా, నీ జాబు చేరినది. చిత్తూరు చెంత మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టదలచితివనియు, నూరు రూపాయల అమ్మకమునకు 15 రూపాయలు మిగులు వ్యాపారముండగా, రెండు రూపాయల మిగులుకై తెల్లవారుజామున పాలవ్యాను వెంట తిరుగు నీ బావను చూచిన జాలి కలుగుచున్నదనియు వ్రాసితివి. మిగులును చూచితివి గాని, పెట్టిన ధనము ఏడాదిలో ఎన్నిమారులు అమ్మకమై తిరిగివచ్చునో చూడవైతివి.

1910ల దశకమున అమెరికాలోని డూపాంట్ సంస్థలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అను ఇంజనీరు ఈ రెంటిని ఒక్క లెక్కలోనికి తెచ్చెను: అమ్మకముపై లాభశాతమును, అమ్మకమును ఆస్తుల విలువచే భాగించగా వచ్చు తిరుగుడుతో, అనగా టర్నోవరుతో, గుణించినచో, పెట్టుబడిపై రాబడి తేలును. మాటవరసకు, కోటి రూపాయల ఫ్యాక్టరీలో ఏటికి 60 లక్షల అమ్మకము జరిగిన టర్నోవరు 0.6, దానిని 15తో గుణింప రాబడి నూటికి 9. నీ బావ 20 లక్షల పెట్టుబడిపై కోటీ 20 లక్షల పాలు అమ్మిన టర్నోవరు 6. రెండుతో గుణింప 12. అయితే ఇంటిల్లిపాది చాకిరికి అతడు జీతము కట్టెనో లేదో అడుగుము. కట్టనిచో ఆ పన్నెండును నమ్మరాదు.

లాభమును నేరుగా ఆస్తులతో భాగించినను ఇదే ఫలము వచ్చునుగదా యందువేమో. వచ్చును, కాని రాబడి తగ్గిననాడు లోపము ధరలలో నున్నదో, ఊరక పడియున్న యంత్రములలో నున్నదో అది చెప్పదు. తోతాపురి కాయ వచ్చునది ముఖ్యముగా జూన్, జూలై నెలలలో. తక్కిన కాలము బాయిలరు చల్లబడియుండును, అమ్ముడుపోని డ్రమ్ములు గిడ్డంగిలో నీ ధనమును పట్టియుంచును. కాయ ధరయు, ఎగుమతి ధరయు నీ యధీనములు కావు. తిరుగుడు మాత్రము కొంత నీ చేతిలోనిదే. కొత్త ఆస్తి చేర్చకయే మదనపల్లె టమాటా గుజ్జు 50 లక్షలకు అమ్మగలిగి, నూటికి ఆరే మిగిలినను, మొత్తము లాభము 12 లక్షలగును; సగటు మిగులు తగ్గియు రాబడి 9 నుండి 12కు పెరుగును.

బ్యాంకు 11 శాతము వడ్డీ అడిగిన, తొమ్మిదికిని పన్నెండుకును నడుమ నున్నది నష్టలాభముల తేడాయే. కావున మంచి కాపు, నడిమి కాపు, కాపు తప్పిన ఏడు – మూడింటికిని మిగులు, తిరుగుడు వేర్వేరుగా వేసి పంపుము; అప్పు పత్రముపై సంతకము మాట తరువాత చూతము.

ఇట్లు,
నీ మేనమామ