ఎవరిలో అరుదు?

1. సగటు లెక్క మన ముందున్న మనిషి లెక్క కాదు.

మత్తు డాక్టరుగా నా ఉద్యోగమంతా తెలుగు ఊళ్ళలోనే గడిచింది. గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి స్కోలిన్ ఇచ్చేవాళ్ళం. రక్తంలోని కోలినెస్టరేజ్ ఎంజైము ఆ మందును త్వరగానే విరిచేస్తుంది. 10 నిమిషాల్లో రోగికి సొంత ఊపిరి వస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైము లోపించినవారికి మాత్రం గంటల తరబడి రాదు. అంతసేపూ మిషనే ఊపిరి. మేం చదివిన పాశ్చాత్య పుస్తకాల్లో ఈ లోపం సుమారు 3,000 మందిలో ఒకరికి వస్తుందని ఉండేది. మన ఆర్యవైశ్యుల్లో దాదాపు 4 శాతమని పరిశోధకులు తేల్చారు. అంటే 25 మందిలో ఒకరు. పుస్తకం అబద్ధమాడలేదు, అది వేరే జనాన్ని లెక్కపెట్టింది.

2. కులం అడిగితే కారణమూ చెప్పాలి.

ఆపరేషనుకు ముందు "మీరు వైశ్యులా అండీ?" అంటే ముఖం ముడుచుకున్నవారున్నారు. వారి నొప్పి న్యాయమైనదే. కారణం విడమరిచి చెప్పాక అదే మనిషి, "మా పెదనాన్నగారిని ఆపరేషనయ్యాక రాత్రంతా మిషను మీదే ఉంచారండీ" అని గుర్తుచేసుకునేవారు. ఎంజైము ఎంతుందో చూసే రక్తపరీక్ష అంత సూటిగా చెప్పదు. పురుగుమందు కొట్టే రైతుకూ, కాలేయం చెడినవారికీ ఈ ఎంజైము తగ్గుతుంది మరి.

3. నింద మేనరికానిది మాత్రమే కాదు.

హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థలో తంగరాజ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రైక్ బృందాలు చూపించిన సంగతి ఇది: వేల ఏళ్ళ కిందటి కొద్దిమంది పూర్వీకుల నుంచి ఆర్యవైశ్య సమాజం పెరిగింది, సంబంధాలు లోపల్లోపలే కలుపుకుంది. మేనరికం కాకపోయినా, గోత్రం మారినా మూలం ఆ పూర్వీకులే. 25 మందిలో ఒకరికి లోపముంటే, పైకి ఏమీ కనిపించకుండా ఆ జన్యువును మోసేవారు ముగ్గురిలో ఒకరుంటారు.

4. రాసిపెట్టనిది లెక్కకు రాదు.

మన దేశం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. ఎంతమందిలో ఉంటే అరుదో అందులో అంకె వేయలేదు, తగిన సమాచారం లేకనే. ఆ సమాచారం లేకపోవడంలో మా తరం పాలూ ఉంది. "ఆలస్యంగా తేరుకున్నారు" అని కేసుషీటులో రాసి రోగిని ఇంటికి పంపేశాం. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే కాగితం మీద రాయించుకోండి. తోబుట్టువులకు తప్పక చెప్పండి, వారికీ ఉండే అవకాశం ఎక్కువ. రోజువారీ బతుక్కి దీనితో ఏ ఇబ్బందీ లేదు. స్కోలిన్‌కు బదులు రోకురోనియం వంటి మందులున్నాయి. ఆపరేషనుకు ముందే మత్తు డాక్టరుకు ఆ కాగితం చూపించండి.