మంచం పక్కన ఉన్న మనిషి



ఫ్లోరోసిస్ అనగానే మన కండ్ల ముందు మెదిలేది వంకర తిరిగిన కాళ్ళు, గూనిపడిన నడుము. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల గురించి పత్రికల్లో వచ్చిన ఫొటోలు చాలావరకు అవే. ఆ ఫొటో కోసం బిడ్డను మోసుకొచ్చి, కూర్చోబెట్టి, పక్కకు తప్పుకున్న తల్లిని గురించి మీరెప్పుడైనా ఆలోచించారా?

లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే అది ఏండ్ల తరబడి ఎముకల్లో చేరుతుంది. కీళ్ళు బిగుసుకుపోతాయి, వెన్ను వంగదు. పటిక, సున్నం వేసి ఆ నీటిని బాగుచేసే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. మన జిల్లా పేరు ఆ విధంగా ఆఫ్రికా దాకా పోయింది! తర్వాత మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళూ వచ్చాయి. సంతోషమే. కాని వంగిన ఎముక మంచినీళ్ళతో చక్కబడదు. చిన్నతనంలో కాళ్ళు వంకరపోయిన కొడుకుకు నేడు నలభై ఏండ్లుంటే, అతన్ని లేపి కూర్చోబెట్టే తల్లికి అరవై దాటాయి.

ఇంకొక సంగతి. ఆమె కూడా అదే బోరు నీళ్ళు తాగింది. ఆమె మోకాళ్ళకూ అదే నొప్పి. ఆ నడుముతోనే ఎదిగిన మనిషికి స్నానం చేయించాలి, దొడ్డికి తీసుకుపోవాలి, పుండ్లు పడకుండా రాత్రిళ్ళు లేచి పక్కకు తిప్పాలి. దీనికి కూలి లేదు. పైగా బయటికి పోతే వచ్చే కూలీ పోతుంది. జనాభా లెక్కలవారు వచ్చి అడిగితే "ఏం పని సారూ, ఇంటికాడనే ఉంట" అంటుంది. ఇంటిపని మాత్రమే చేసేవారిని ఆ లెక్కల్లో పనిచేయనివారిగానే రాస్తారు. పాలమూరు వైపు కొడుకూ కోడలూ వలసపోయిన ఇండ్లలోనైతే ఈ భారమంతా ముసలమ్మదే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో, ఎక్కువ ఆసరా అవసరమైనవారి సంరక్షణకు భత్యం ఇచ్చే మాట ఉంది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచిన పింఛను వికలాంగునిది, అతని తిండికీ మందులకూ. ఆమె చాకిరికి అందులో లెక్క లేదు. ఈ మాట గ్రామసభలో అడగవలసింది మనమే; ఇల్లు విడిచి వచ్చి అడిగే తీరిక ఆమెకు ఎక్కడిది?

మన విచారణల్లో మాత్రం ఏం జరుగుతున్నది? గురువులు దివ్యసత్ప్రసాదం తీసుకొని ఆ ఇంటికి వెళతారు. వెంట వెళ్ళిన మనం "కొడుకు ఎట్లున్నడమ్మా?" అని అడుగుతాం. "నీ నడుము ఎట్లుంది?" అని అడిగేవారు అరుదు. ఆదివారం పూజకు రాకపోతే భక్తి తగ్గిందని గుసగుసలు కూడా వినిపిస్తాయి. ఇది అన్యాయం.

వచ్చే ఆదివారం మీలో ఇద్దరు యువకులు ఆమె పూజకు వెళ్ళివచ్చేదాకా ఆ మంచం పక్కన కూర్చోండి. ముందు రోజే వెళ్ళి, అతన్ని ఎట్లా ఎత్తాలో ఆమెనే అడిగి నేర్చుకోండి. బిగుసుకుపోయిన కీళ్ళను పట్టి గుంజకూడదు. ఎక్కడ చెయ్యి వేయాలో, ఏ పక్కకు తిప్పితే నొప్పి తక్కువో ఆమెకు తెలిసినట్లు డాక్టరుకు కూడా తెలియదు. ఆమె చూపించినట్లే చేయండి.