నిన్న 130, నేడు 260

నేరేడ్‌మెట్



నీ ప్రశ్న సూటిగా ఉంది. అవే మూడు ఇడ్లీలు, అదే మోతాదు, అదే పొట్ట మీద సూది. టిఫిన్ అయిన రెండు గంటలకు షుగరు నిన్న 130, నేడు 260. "నేనేం తప్పు చేశాను పెద్దమ్మా?" అని అడిగావు. నా జవాబు ముందే చెప్పేస్తాను, ఆధారాలు తర్వాత చూపిస్తాను. ఆ ఒక్క అంకెను బట్టి నీ తప్పొప్పులు తేల్చడం ఎవరి వల్లా కాదు, నీ డాక్టరు వల్ల కూడా. టైప్ 1 మధుమేహంలో ఏదైనా అర్థమయ్యేది వారం పది రోజుల అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే. ఓదార్పు కోసం అంటున్నానని అనుకోకు. ఇందులో లెక్క ఉంది, చదువుకునే పిల్లవి కాబట్టి ఆ లెక్కే నీకు రాస్తున్నాను.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ నేరుగా కాలేయానికి వెళ్లే రక్తనాళంలో పడుతుంది. అందులో దాదాపు సగాన్ని కాలేయమే వాడేసుకుంటుంది. రక్తంలోకి చేరిన మిగతా సగం కూడా ఎంతోసేపు ఉండదు, అయిదారు నిమిషాలకు సగానికి సగం తరిగిపోతుంది. అందుకే వాళ్ల శరీరం నిమిష నిమిషానికీ మోతాదు సరిచేసుకోగలుగుతుంది. నీకు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నీ సొంత రోగనిరోధక వ్యవస్థే నాశనం చేసింది. ఇప్పుడు ఇన్సులిన్ చర్మం కింది కొవ్వులోకి వెళ్లి, అక్కడి నుంచి మెల్లగా రక్తంలోకి ఊరాలి. త్వరగా పనిచేసే రకం కూడా పది పదిహేను నిమిషాలకు గానీ మొదలవదు, గంటా గంటన్నరకు ఉద్ధృతమవుతుంది, మూడు నుంచి అయిదు గంటల దాకా పోదు. పాత రెగ్యులర్ రకమైతే అరగంటకు మొదలై ఆరేడు గంటలు ఉంటుంది. మన పేటలో ఎండాకాలం నీళ్ల సంగతి నీకు తెలుసు కదా: అందరికీ క్లోమం నల్లా లాంటిదైతే, నీకు వచ్చేది ట్యాంకరు. ఎంత కావాలో ముందే ఊహించి చెప్పాలి, వచ్చాక వెనక్కి పంపలేవు. ఈ ఏర్పాటుతో ప్రతిరోజూ ఒకే అంకె రావాలనుకోవడమే అత్యాశ.

ఆ ట్యాంకరు కూడా రోజూ ఒకే కొలతతో రాదు. జర్మనీ పరిశోధకులు టైప్ 1 ఉన్న 54 మందితో చేసిన ఒక ప్రయోగం 2004లో అచ్చయింది. ఒక్కొక్కరికీ ఒకే రకం ఇన్సులిన్, ఒకే మోతాదు, తొడలోనే, నాలుగు వేర్వేరు రోజుల్లో ఇచ్చారు. తిండి ప్రమేయం లేకుండా, గ్లూకోజు డ్రిప్పుతో షుగరును ఒకచోట నిలిపి ఉంచి, మందు ఎంత పనిచేసిందో కొలిచారు. మనిషి మారలేదు, మోతాదు మారలేదు, వేసింది నిపుణులు. అయినా ఒకే మనిషిలో ఒక రోజుకూ మరో రోజుకూ మందు పనిలో సగటు చుట్టూ కనిపించిన చెదురుబాటు పాత ఎన్‌పీహెచ్ రకానికి 68 శాతం, గ్లార్జిన్‌కు 48, డెటెమిర్‌కు 27 శాతం. ఇవి రోజంతా అడుగున పనిచేసే ఇన్సులిన్లు. భోజనానికి ముందు వేసుకునేవి సాధారణంగా ఇంతకంటే నిలకడైనవే, కానీ తేడా లేనివి కావు. ప్రయోగశాలలోనే ఇంత ఊగిసలాట ఉంటే, స్కూలు బస్సు వెనక పరిగెత్తి, పరీక్షకు బెంబేలుపడి, ఆదివారం ఆలస్యంగా లేచే పిల్ల సంగతి వేరే చెప్పాలా?

దీనికి తోడు మరికొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున గ్రోత్ హార్మోను, కార్టిసాల్ పెరిగి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఎదిగే వయసులో ఇది ఇంకా ఎక్కువ. చాలామంది ఆడపిల్లలకు నెలసరికి ముందు కొన్ని రోజులు షుగరు పైపైనే ఉంటుంది. దాచుకోవలసిన విషయం కాదిది, నోటుబుక్కులో ఆ తేదీలకు గుర్తు పెట్టుకో. వ్యాధి బయటపడిన తొలి నెలల్లో మిగిలిన కాసిని కణాలు ఒక్కోసారి పనిచేస్తాయి, ఒక్కోసారి చేయవు. ఇక మీటరు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 పైన ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే చాలు, ఆ మీటరు మంచిదే. అంటే నీ రక్తంలో 150 ఉంటే మీటరు 128 చూపించినా, 172 చూపించినా దాని దోషం కాదు. బంగినపల్లి ముక్కలు తిన్న వేలిని కడక్కుండా గుచ్చుకుంటే మాత్రం ఆ రీడింగు నీ రక్తానిది కాదు, మామిడిపండుది. సబ్బుతో కడిగి, తుడుచుకుని మళ్లీ చూడు.

ఇక్కడ నువ్వు అడగబోయేది నాకు తెలుసు. "అన్నీ మన చేతిలో లేనప్పుడు ఈ గుచ్చుకోవడాలూ ఈ లెక్కలూ ఎందుకు?" న్యాయమైన ఆక్షేపణే. దీనికి అమెరికా, కెనడాల్లో 1441 మంది మీద 1983 నుంచి 1993 దాకా జరిగిన డీసీసీటీ అధ్యయనం జవాబిచ్చింది. సగం మందికి అప్పటి మామూలు వైద్యం, మిగతా సగానికి రోజుకు మూడు నాలుగు సూదులో పంపో, తరచూ పరీక్షలూ. కొన్ని నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ సగటున మొదటివారికి 9 దగ్గర, రెండోవారికి 7 దగ్గర నిలిచింది. ఆ తేడాకే, కళ్ల జబ్బు లేకుండా చేరినవారిలో అది మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది; మూత్రపిండాలు, నరాలు కూడా బాగా మెరుగ్గా ఉన్నాయి. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే నివేదికలోని మరో వాక్యం. గట్టిగా చికిత్స తీసుకున్నవారికి పెట్టిన లక్ష్యం 6.05. దాన్ని ఒక్కసారైనా అందుకున్నవారు 44 శాతం. సగటున అక్కడే నిలిచినవారు 5 శాతం కూడా లేరు. నర్సులు, డైటీషియన్లు, డాక్టర్లు వెన్నంటి ఉన్నా నూటికి తొంభై అయిదు మంది లక్ష్యం తప్పారు. తప్పినవాళ్లందరినీ కలుపుకునే కళ్లు దక్కాయి. కాబట్టి కాపాడేది సగటు. మధ్యలో వచ్చే 260లు ఆ సగటులో భాగమే. 2019లో నిపుణులు కుదుర్చుకున్న లక్ష్యం కూడా రోజులో 70 శాతానికి పైగా సమయం 70కీ 180కీ మధ్య ఉండాలనే. మిగతా సమయం తప్పుతుందని వాళ్లే ఒప్పుకున్నారు.

మరి నోటుబుక్కును ఎలా చదవాలి? అడ్డంగా కాదు, నిలువుగా. సోమవారం పొద్దుటి నుంచి రాత్రి దాకా చదివితే గందరగోళమే కనిపిస్తుంది. వారంలోని పొద్దుటి అంకెలన్నీ ఒక వరసలో, మధ్యాహ్నం భోజనం ముందువి మరో వరసలో రాసుకో. మూడు నాలుగు రోజులు ఒకే వేళకు ఒకే దిక్కుకు పోతుంటే అది నమూనా; డాక్టరుతో మాట్లాడి అప్పుడు మార్చాలి, అదీ ఒకసారికి ఒక్కటే. మోతాదూ, ఇడ్లీల సంఖ్యా, సూది వేళా ఒకే రోజున మారిస్తే ఏది పనిచేసిందో ఆ బ్రహ్మకు కూడా తెలియదు. 260 చూసి కంగారుపడి గంటకోసారి అదనంగా వేసుకుంటే పాత మందు మీద కొత్తది పేరుకుంటుంది, సాయంత్రానికి అన్నీ కలిసి ఒక్కసారిగా కిందికి లాగేస్తాయి. డాక్టరు రాసిచ్చిన దిద్దుబాటు మోతాదు ఒకసారి వేసుకున్నాక, చెప్పినంత వ్యవధి ఆగు. ఆగడం కష్టమైన పని, ఒప్పుకుంటాను.

అంకె నీ చేతిలో లేకపోయినా కొన్ని పనులు పూర్తిగా నీ చేతిలోనే ఉన్నాయి, వాటిలో మాత్రం నిన్ను నేను వదలను. తిండి తూకం మొదటిది. మనకు దగ్గర్లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2017లో వాళ్లు ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు. "గుప్పెడన్నం" అనేది కొలత కాదు. మీ అమ్మ గుప్పెడు వేరు, మీ నాన్నమ్మ గుప్పెడు వేరు. రెండు వారాల పాటు త్రాసు పెట్టి బియ్యం తూచి వండించుకో, తర్వాత కంటికే అలవాటవుతుంది. నూనె ఎక్కువున్న పులిహోర షుగరును ఆలస్యంగా పెంచి చాలాసేపు నిలబెడుతుందనీ, బోనంలోని బెల్లం పరమాన్నం చప్పున పెంచుతుందనీ గమనించుకుంటే పండగ మానేయాల్సిన పని ఉండదు.

రెండోది మందు, సూది. మన దేశంలో సీసాల ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లోది ఎక్కువగా 100 యూనిట్లది. 100కు సరిపడే సిరంజి మూత నారింజ రంగు. పెన్ను చెడిపోయిందని దాని కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. ఇంట్లో అందరికీ ఈ ఒక్క లెక్క నేర్పు. తెరవని మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజరులో కాదు. గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. వాడుతున్నది 30 డిగ్రీల లోపు, మామూలుగా నాలుగు వారాల దాకా. మే నెలలో ఇక్కడ 40 దాటుతుంది. స్కూటీ డిక్కీలో పెట్టి మర్చిపోయిన పెన్నును నమ్మకు. కరెంటు పోయే చోటికి వెళ్తే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా పెట్టొచ్చు. సూది ఒకేచోట పొడిస్తే అక్కడ కొవ్వు గడ్డకడుతుంది, ఆ గడ్డలోంచి మందు ఇష్టం వచ్చినట్టు ఊరుతుంది. నొప్పి తెలియదని ఆ చోటే బాగుందనిపిస్తుంది. చాలామంది "ఏ కారణం లేని" ఎగుడుదిగుడుల వెనక ఉండేది ఇదే.

ఇంటికి వచ్చేవాళ్ల సలహాల గురించి. కాకర రసం, మెంతులు, "ఇన్సులిన్ అలవాటైపోతుంది" అనే భయం. కాకరకాయ కూర వండుకుని తిను, అభ్యంతరం లేదు. కానీ లేని ఇన్సులిన్‌ను ఏ ఆకూ తయారుచేయలేదు. టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయి 1922 జనవరిలో, ఉపవాసాల వైద్యంతో 30 కిలోలు కూడా లేకుండా మంచాన పడి ఉన్నాడు. 11వ తేదీన ఇచ్చిన ముడి మందు సరిగా పనిచేయలేదు. కాలిప్ అనే శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేశాక 23న మళ్లీ ఇస్తే షుగరు దిగింది. ఆ అబ్బాయి మరో పదమూడేళ్లు బతికాడు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు సాధారణంగా ఏడాది రెండేళ్లలో పోయేవారు. అలవాటు అంటే అదీ. ఊపిరికి అలవాటుపడ్డామని ఎవరూ బాధపడరు. ఆ సలహాలు ఇచ్చేవాళ్లకు తెలిసింది టైప్ 2, దానికి వాడే మందులూ నడకా చూసినవాళ్లు. కోప్పడకు, వాళ్ల మాట విని సూది మాత్రం మానకు.

"సెన్సారు పెట్టుకుంటే ఈ బాధంతా ఉండదట కదా" అన్నది నీ రెండో ప్రశ్న. దారి బాగా తేలికవుతుంది, నిజం. నిలువు వరసలు అదే గీసి చూపిస్తుంది, రాత్రి పడిపోతుంటే మోగుతుంది. కానీ అది కొలిచేది చర్మం కింది ద్రవాన్ని, రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనక ఉంటుంది. రెండు వారాలకో కొత్తది కొనాలి, ఆ ఖర్చు మీ నాన్నతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. పైగా ప్రతి అయిదు నిమిషాలకూ అంకె కనిపిస్తే ప్రతి అయిదు నిమిషాలకూ తప్పు వెతుక్కునే పిల్లకు అది హాయి ఇవ్వదు. ముందు చదవడం నేర్చుకో, పరికరం తర్వాత తీసుకుందాం.

షుగరు పడిపోవడం సంగతి వేరు. మిగతా అన్నింట్లో వారం ఆగి చూడమన్నాను. ఇక్కడ నిమిషం కూడా ఆగకూడదు. డీసీసీటీలో గట్టి చికిత్సకు చెల్లించిన మూల్యం ఇదే, తీవ్రంగా పడిపోవడాలు మూడు రెట్లయ్యాయి. ఆ భయంతో ఎప్పుడూ 250 దగ్గర ఉంచుకునేవాళ్లున్నారు. వాళ్ల భయం అర్థమవుతుంది గానీ, దానికి సరైన మందు సంచిలో గ్లూకోజు పొడి. చెమట, వణుకు, ఆకలి, చిరాకు వచ్చి 70 లోపు చూపిస్తే మూడు చెంచాల గ్లూకోజో చక్కెరో నీళ్లలో కలుపుకుని తాగు. పావుగంట తర్వాత మళ్లీ చూడు, లేవకపోతే మళ్లీ తాగు. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. బాగా ఆడిన రోజు రాత్రి కూడా పడిపోవచ్చు కాబట్టి పడుకునే ముందు చూసుకో.

వచ్చే నెల హాస్టల్లో చేరేలోపు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసి గదిలో నీతో ఉండే అమ్మాయికి ఇవ్వు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. జ్వరమో వాంతులో వచ్చి తిండి తినకపోయినా అడుగున పనిచేసే ఇన్సులిన్ ఆపకూడదు. వాంతులు ఆగకపోయినా, ఊపిరి బరువుగా, పళ్ల వాసనతో వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ కాగితం రాశాక నాకు ఒకసారి చూపించు, డాక్టరు నంబరు కింద మీ నాన్నదీ నాదీ కూడా చేర్చు.

నీ పెద్దమ్మ