లావు పిన్ను విరవకండి

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే మన నేతన్నల పవర్‌లూమ్‌ల చప్పుడు చెవిన పడుతూనే ఉంటుంది. ఇన్ని మోటార్లు ఆగుతూ తిరుగుతూ ఉండే ఊళ్లో కరెంటు కుదురుగా ఉంటుందనుకోవడం అత్యాశ. ఇక్కడ రేడియో స్టేషన్‌కు ఆటోమేషన్ బిగించేవారికి తరచూ ఎదురయ్యే తలనొప్పి, స్పీకర్లో గుయ్యిమనే మోత. 50 హెర్ట్జ్ కరెంటు ఎర్తు గుండా ఆడియోలోకి దూరితే వచ్చేది అదే.

దాన్ని పోగొట్టడానికి త్రీపిన్ ప్లగ్గు పైనుండే లావు పిన్నును విరవకండి. దానికి టేపూ చుట్టకండి. నిజమే, మోత టక్కున ఆగుతుంది. అందుకే ఈ పాడు చిట్కా ఇంకా బతికుంది. ఒకచోట ఇలా చేసిన పీసీ డబ్బాను తాకితే నాకు మోచేతి దాకా జిల్లుమంది. ఎర్తు లేకపోతే పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా డబ్బా మీదికి సుమారు 115 ఓల్టులు వస్తాయి. వచ్చే కరెంటు స్వల్పం కాబట్టి జిల్లుతో సరిపోయింది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్ననాడు అదే డబ్బా మీద 230 ఉంటుంది. అప్పుడు దానికి దొరికే దారి ఆడియో కేబుల్ షీల్డు, లేదా మీ చెయ్యి.

పీసీ, మిక్సర్, ప్రాసెసర్ మూడింటికీ ఒకే యూపీఎస్, ఒకే ఎర్తు పట్టీ ఇవ్వండి. అప్పటికీ మోత వదలకపోతే పీసీకీ మిక్సర్‌కీ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. బ్యాలెన్స్‌డ్ కేబుల్ షీల్డును ఒక కొసన విప్పొచ్చు, కరెంటు ఎర్తును ఎన్నడూ విప్పకూడదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ టెస్టు బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూడండి, ప్రోగ్రాం నడుస్తుండగా మాత్రం కాదు!

ఎక్స్‌ఎల్‌ఆర్‌లో పిన్ 1 షీల్డు, 2 హాట్, 3 కోల్డ్. ఒక చానెల్లో 2, 3 తారుమారైతే హెడ్‌ఫోన్లో పాట ఇంకా విశాలంగా ఉందనిపిస్తుంది. ఒకే స్పీకరున్న టీకొట్టు రేడియోలో మాత్రం గాయకుడి గొంతు మాయమై, వాయిద్యాలు మిగులుతాయి. మోనో బటన్ నొక్కి వినకుండా సోల్డరింగ్ సామాను సర్దకండి. పీసీ లైన్ అవుట్‌ను మైక్ ఇన్‌పుట్‌కు తగిలించకండి. 48 ఓల్టుల ఫాంటమ్ ఆన్‌లో ఉంటే సౌండ్‌కార్డు పోవచ్చు.

ఆన్ ఎయిర్ దీపానికి వెళ్లే 230ని ఆటోమేషన్ కార్డులోని చిన్న రిలే మీదుగా నడపకండి. మధ్యలో వేరే రిలే పెట్టండి, ఆ తీగను ఆడియో తీగలతో కలిపి కట్టకండి.

లెవెళ్లు చెవితో పెట్టకండి. పాట పాటకీ మారే మీటరును చూసీ పెట్టకండి. ఆటోమేషన్ నుంచి మైనస్ 20 డీబీఎఫ్ఎస్ టోన్ వదిలి, మిక్సర్ మీటరు 0 వీయూ చూపేలా అమర్చండి. ప్రొఫెషనల్ లైనులో అక్కడ ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 ఓల్టులు ఉండాలి. చౌక మల్టీమీటరైతే 400 హెర్ట్జ్ టోన్‌తో కొలవండి, 1,000 దగ్గర కొన్ని తప్పు చెబుతాయి. మామూలు సౌండ్‌కార్డు ఇచ్చేది 0.316 ఓల్టులే, దాదాపు 12 డీబీ తక్కువ. మిక్సర్ గెయిన్ తిప్పి దాన్ని పూడ్చకండి, హిస్ కూడా పెరుగుతుంది. మ్యాచింగ్ బాక్సు పెట్టండి. విండోస్ శబ్దాలు ఆపేయండి. భక్తిగీతం మధ్యలో టింగ్‌మంటే శ్రోత నవ్వుతాడు, మేనేజరు నవ్వడు.

పక్క స్టేషన్ కంటే గట్టిగా వినబడాలని మిక్సర్లో పీకులు ఎర్రగీత దాటించకండి. అక్కడ చితికిన శబ్దాన్ని తర్వాతి ప్రాసెసర్ బాగుచేయలేదు. ట్రాన్స్‌మిటర్ డీవియేషన్ హద్దు ఎఫ్ఎంలో 75 కిలోహెర్ట్జ్, ఆ పని ప్రాసెసర్ లిమిటర్‌కు వదిలేయండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్లగ్గులు గుచ్చకండి, ఆ ఢామ్ చెవికి మంచిది కాదు.

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ వదిలిన నీళ్లకు తాపి నది పొంగి ఈ ఊరు మునిగింది. అందుకే కింది అంతస్తులో యూపీఎస్‌ను నేలమీద పెట్టకండి. 2019 మే 24న ఇక్కడి సర్థానాలోని తక్షశిల భవనం మంటల్లో 22 మంది విద్యార్థులు చనిపోయారు. మన స్టూడియోలకు సాధారణంగా ఒకటే తలుపు, గోడలనిండా ఫోం. ఆ తలుపుకి అడ్డంగా కేబుల్ చుట్టలు, అట్టపెట్టెలు పెట్టకండి.

చివరగా, పీసీ కేబుల్ లాగి సైలెన్స్ అలారం మోగుతుందో లేదో చూడండి. పెట్టిన లెవెళ్లన్నీ అట్టముక్క మీద రాసి రాక్ తలుపు లోపల అంటించి, కింద తేదీ వేసి సంతకం చేయండి.