గీతల పక్కన అక్షరం ఎక్కడ నిలబడాలి?



వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమన్నారు. మేము ముగ్గురం ఈ హాస్టల్ అన్నం తిని చదివినవాళ్లం. పీజీ చేస్తూ మాదాపూర్‌లో ఒక డిజైన్ ఆఫీసుకు ట్రైనింగుకు వెళ్లాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి హైటెక్ సిటీ అంటే కోడింగ్ ఒక్కటే అనుకుంటారు. డ్రాయింగుల పని కూడా అక్కడ ఉంది. 1991లో హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా మొదలై, 2014లో సయెంట్‌గా పేరు మార్చుకున్న సంస్థ ఇంజనీరింగ్ డిజైన్ సేవలతో కూడా ఎదిగింది.

మాకిచ్చిన మొదటి పని, ఆటోక్యాడ్‌లో ఒక బిల్డింగ్ ప్లాన్‌లోని పిల్లర్లకు పేర్లు రాయడం. గంటలో ముగించాం. సీనియర్ సారు ప్రింటు తీయించి, "సి7 ఏది, సి8 ఏది?" అని అడిగారు. రాసిన మేమే చెప్పలేకపోయాం. పేర్లు రెండు పిల్లర్ల మధ్య వేలాడుతున్నాయి. ఒకదానికి 16 మి.మీ. కడ్డీలు, ఇంకోదానికి 12 మి.మీ. కడ్డీలు పడాలి. తారుమారైతే బరువు మోసే పిల్లరు బలహీనపడుతుంది. మా నాన్నలు సెంట్రింగు, తాపీ పనులు చేసినవాళ్లు. ఎండలో నిలబడి ఆ కాగితం చూసేది అలాంటివాళ్లే. ఆ రోజు సిగ్గుతో తలదించుకుని నేర్చుకున్న సంగతులు ఇవి.

1. ఎత్తు: కాగితం మీద అక్షరాలకు 2.5, 3.5, 5, 7 మి.మీ. వంటి ప్రామాణిక ఎత్తులున్నాయి. ఆటోక్యాడ్‌లో బిల్డింగును అసలు కొలతలతోనే గీస్తాం. కాబట్టి 1:100 స్కేలులో ప్రింటు తీసే ప్లాన్‌పై 2.5 మి.మీ. అక్షరం కావాలంటే 2.5 × 100 = 250 ఇవ్వాలి. 1:50 అయితే 125 చాలు. ఆటోక్యాడ్ 2008తో వచ్చిన అనొటేటివ్ టెక్స్ట్ వాడితే ఈ లెక్క అదే చూసుకుంటుంది.

2. పట్టు: ఎంటెక్స్ట్‌ను తొమ్మిది చోట్ల పట్టుకోవచ్చు. పైన, మధ్యన, కింద. ఒక్కోదాంట్లో ఎడమ, నడుమ, కుడి. వృత్తంలో రాసే పేరుకు మిడిల్ సెంటర్ పెట్టాలి. అప్పుడు సి7ను సి17గా మార్చినా పేరు రెండువైపులా సమానంగా పెరుగుతుంది. ఎడమ పట్టు పెడితే కుడివైపుకే జరుగుతుంది. మా తప్పు ఇదే. పేరు కదలకుండా పట్టు మార్చడానికి జస్టిఫై టెక్స్ట్ అనే కమాండ్ ఉంది.

3. దిశ: అక్షరాలు కాగితం కింది అంచు నుంచి గానీ, కుడి అంచు నుంచి గానీ చదవడానికి వీలుగా ఉండాలి. తలకిందులుగా ఉండకూడదు.

4. లీడర్: చోటు చాలకపోతే పేరును ఖాళీ స్థలంలో రాసి, సన్నని గీతతో కలపాలి. ఆ గీత వస్తువు లోపల ఆగితే చివర చుక్క, అంచును తాకితే బాణం.

5. మిర్రర్: ప్లాన్‌ను అద్దంలోలా తిప్పేటప్పుడు మిర్‌టెక్స్ట్ విలువ 0గా ఉందో లేదో చూడాలి. 1 ఉంటే అక్షరాలు కూడా తిరగబడతాయి.

హాస్టల్లో కంప్యూటర్ లేదని బెంగపడకండి. గ్రాఫు కాగితం మీద మన హాస్టల్ ప్లాన్ గీసి, గదుల పేర్లు రాయండి. దాన్ని వంట అన్నకు చూపించి, స్టోర్ రూమ్ ఎక్కడో అడగండి. ఆయన తడుముకోకుండా వేలు పెడితే మీరు పాసైనట్టే. మేము మా డ్రాయింగును ఇప్పటికీ అలాగే పరీక్షించుకుంటున్నాం.